గొడుగు ముందా, వాన ముందా

నేను గదిలోకి వస్తే నా మనవరాలు ఇప్పుడు తెలుగు పుస్తకం మూసేస్తుంది. ఆ మూయడంలో కోపం ఉండదు. ఆరిన బట్టలు తీగ మీదినుంచి తీసినంత మామూలుగా, నా ముఖం కూడా చూడకుండా మూస్తుంది. నిన్న సాయంత్రమూ అంతే జరిగింది. భోజనాల బల్ల మీద పుస్తకం పరచుకొని, పెన్సిలు చివర కొరుకుతూ, పెదవులు కదుపుతూ ఏదో వరుస కలుపుకొంటున్నది. నేను కళ్ళజోడు సవరించుకొని అటు అడుగు వేశానో లేదో, ఆ పుస్తకం మూసి సాంఘికశాస్త్రం తెరిచింది. పేజీ మూతపడే లోపల పైనున్న ప్రశ్నను మాత్రం చదవగలిగాను. 'కింది వాక్యాలను సరైన క్రమంలో అమర్చి పేరాగా రాయండి.' ఆ పిల్ల నా ముందు మూసుకొంటున్నది పుస్తకాన్ని మాత్రమే కాదని నాకు తెలుసు. గత వర్షాకాలంలో ఏమి జరిగిందో మా ఇంట్లో నాతో సహా అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడమే నాకు మరింత కష్టంగా ఉన్నది.

ముందుగా నా సంగతి చెప్పాలి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. ఉద్యోగమున్నంత కాలం నేను చేసిన పని, ఒక విధంగా చూస్తే, ఆ ప్రశ్నకు జవాబు రాయడమే. ఒక ఫైలు వస్తుంది. అందులో అర్జీలు, వాంగ్మూలాలు, సంజాయిషీలు, ఒకరు కోపంతో రాసిన కాగితం, మరొకరు భయంతో రాసిన కాగితం, ఏ వరుసా లేకుండా ఒకదాని మీద ఒకటి ట్యాగుకు గుచ్చి ఉంటాయి. వాటన్నిటినీ చదివి, అధికారి ఒక్క చూపులో గ్రహించేటట్టు 'నోటు' పెట్టాలి. నాకు ఈ విద్య నేర్పిన పెద్ద గుమాస్తా జర్దా నములుతూ, కిటికీ దగ్గరికి పోయి ఉమ్మి వచ్చి, నెమ్మదిగా చెప్పేవాడు. "నోట్ల నీ సొంత మాట ఒక్కటి రాయొద్దు బిడ్డా. ఉన్న ముచ్చట్లే రాయి. ఏది ముందట పెట్టాల్నో, ఏది ఎనుక పెట్టాల్నో తెలిస్తే చాలు. సాబు సంతకం నువ్వనుకున్న కాడనే పడ్తది." అధికారులు రెండో పేజీ తిప్పరన్నది ఆయన రెండవ పాఠం. ఈ రెండు పాఠాలతో నేను ఉద్యోగమంతా గౌరవంగా గడిపాను. నా నోటులో అబద్ధం ఉన్నదని ఎవరూ అనలేదు. నాకు అదే గర్వం.

పదవీ విరమణ తరువాత చేయి ఊరుకోలేదు. వరంగల్ సుబేదారిలోని మా ఇంట్లో జరిగే ప్రతిదీ ఒక రిజిస్టరులోకి ఎక్కడం మొదలైంది. గ్యాస్ బండ ఎప్పుడు వచ్చింది, పాలవాడు ఏ రోజు రాలేదు, మంచినీళ్లు ఏ వేళకు వదిలారు, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చింది, అన్నీ రాస్తాను. మా ఇంటావిడ దీనిని చూసి నవ్వుతుంది. "కరెంటోళ్లకే తెల్వది కరెంటు ఎప్పుడు పోయిందో. మీకు తెలుసు," అంటుంది. నవ్వినా, పాలవాడితో పేచీ వస్తే మాత్రం రిజిస్టరు కోసం నా గదికే వస్తుంది. మున్సిపాలిటీకి, టెలిఫోను వారికి, వీధి చివర పందిరి తీయకుండా వదిలేసిన పెళ్లివారికి నేను రాసిన ఫిర్యాదులు తక్కువేమీ కావు. వీటిలో కొన్నింటికి ఫలితం కూడా వచ్చింది. అన్యాయం కంటబడితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ వెంటనే కలం దొరుకుతుంది. ఇతరుల విషయంలో ఈ రెంటి నడుమ కొంత వ్యవధి ఉంటుందని, ఆ వ్యవధిలోనే మనిషికి బుద్ధి కలుగుతుందని నేను ఇటీవల తెలుసుకొన్నాను.

గత వర్షాకాలంలో మనవరాలు తెలుగు పరీక్ష పేపరు తెచ్చింది. అందులో ఇదే ప్రశ్న. అయిదు వాక్యాలు తారుమారుగా ఇచ్చారు. రామయ్య గొడుగు తీసుకొని బజారుకు బయలుదేరాడు. వాన మొదలైంది. దారిలో పాత మిత్రుడు కలిశాడు. ఇద్దరూ హోటల్లో కూర్చొని చాయ్ తాగారు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మా పిల్ల రామయ్యను ముందు బయలుదేరదీసి, మిత్రుణ్ణి కలిపి, అప్పుడు వాన కురిపించి, ఇద్దరినీ హోటల్లో కూర్చోబెట్టింది. దాని మీద ఎర్ర గీత పడింది. బడివారి లెక్క ప్రకారం వాన ముందు, గొడుగు తరువాత. రెండు మార్కులు పోయాయి.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వరంగల్ మనిషి గొడుగు పట్టేది వానకా, ఎండకా? మా ప్రాంతంలో గొడుగు ఎండాకాలమంతా భుజాన వేలాడి, వాన వచ్చేనాటికి పుల్లలు విరిగి అటక ఎక్కుతుంది. పైగా, వాన పడుతుండగా పనిగట్టుకొని బజారుకు బయలుదేరే రామయ్య ఎవడు? వాన వచ్చింది గనుకనే ఇద్దరూ హోటల్లో దూరారన్న తర్కం మా పిల్ల వరుసలో స్పష్టంగా ఉన్నది. బడివారి వరుసలో ఆ చాయ్‌కి కారణమే లేదు. ఇదంతా నేను భోజనం దగ్గర వివరిస్తుంటే మా ఇంటావిడ పప్పు వడ్డిస్తూ, "రెండు మార్కులకు గింత లొల్లా? ఆ రామయ్య ఎప్పుడు పోతే మనకేంది?" అన్నది. మనవరాలు తల దించుకొని, "వదిలెయ్యి తాతా. మా టీచర్ మంచిది," అన్నది. ఆ టీచరు గురించి అప్పటికే మాకు చాలా తెలుసు. ఆ పిల్ల రోజూ అన్నం తింటూ చెప్పేది ఆమె ముచ్చట్లే. "టీచర్ పరకాల నుంచి వస్తది తాతా, రోజు బస్సుల. వాళ్లమ్మకు బాగుండదు. అమ్మను దవాఖాన్ల చూపిచ్చి మళ్ల స్కూల్‌కొస్తది, జర లేటైనా సరే, ఎగ్గొట్టది. బస్సుల కూసొని గూడ పేపర్లు దిద్దుతది తెల్సా! తెల్లారే ఇచ్చేస్తది." చెబుతున్నంతసేపూ దాని కళ్ళు మెరిసేవి.

మరునాడు సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడ్డాను. చినుకులు పడుతున్నాయి. టీచరు బయటికి వచ్చింది. ఆమె చిన్నపిల్ల, మా చిన్న కోడలి కంటే వయసులో తక్కువ. భుజాన టిఫిన్ సంచీ, గుండెకు హత్తుకొన్న ప్లాస్టిక్ కవరులో జవాబు పత్రాల కట్ట. నేను నా వాదనను మూడు అంశాలుగా సిద్ధం చేసుకొని వచ్చాను. మొదటి అంశం వింటూనే ఆమె తల ఊపింది. "మీ పాప రాసింది గూడ కరెక్టే సార్. నిజం చెప్పాల్నంటే అదే మంచిగున్నది. కానీ జవాబుల కీ ఆఫీసునుంచే వస్తది. దాన్ని మేము మార్చొద్దు. మారిస్తే మమ్ములనే అంటరు." నేను రెండో అంశానికి వచ్చాను. ఆమె రోడ్డు వైపు చూసింది. మూడో అంశం నోట్లో ఉండగానే, "బస్సు పోతాంది సార్, ఏమనుకోకుండ్రి," అని పరుగెత్తింది. చెప్పు జారితే చేత పట్టుకొని మరీ పరుగెత్తింది. బస్సు అందుకొన్నదో లేదో నేను చూడలేదు. నేను చూసినదల్లా, నా మూడో అంశం వినకుండా ఒక మనిషి వెళ్ళిపోయిందన్న ఒక్క సంగతి.

ఇంటికి వచ్చి బడి కరస్పాండెంటు పేరిట లేఖ రాశాను. ఆ లేఖను ఇక్కడ ఉన్నదున్నట్టు దించడం నాకు సిగ్గుగానే ఉన్నది. అయినా దించకపోతే చదివేవారికి నేను చేసిన పని తెలియదు. 'తెలుగు ఉపాధ్యాయురాలు రోజూ పరకాల నుండి బస్సులో వస్తున్నారు. ఆమె తల్లి అనారోగ్యంతో ఉన్నారు. కొన్ని రోజులు ఆమె తరగతికి ఆలస్యంగా వస్తున్నారు. జవాబు పత్రాలను బస్సులో కూర్చొని దిద్దుతున్నారు. నా మనవరాలు రాసిన సరైన జవాబు తప్పుగా దిద్దబడింది. ఈ విషయం నేను ప్రస్తావించగా, పాప రాసినది సరైనదేనని ఆమె స్వయంగా నా ముందు అంగీకరించారు.' మొదటి పేజీ అక్కడితో నిండింది. జవాబుల కీ కార్యాలయం నుండి వస్తుందని, దానిని మార్చే అధికారం ఉపాధ్యాయులకు లేదని ఆమె చెప్పిన మాటను నేను దాచలేదు. రెండో పేజీలో, 'సాధారణ సూచనలు' అనే శీర్షిక కింద, మంచినీటి కుళాయిల గురించి రాసిన వాక్యం తరువాత పెట్టాను.

లేఖను మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఇది మా ఇంట్లో ఆనవాయితీ. ఆమె కూరగాయలు తరుగుతూ విన్నది. తరగడం ఆపి, "దీంతోటి ఆ టీచర్ పిల్ల పేరు ఖరాబైతది గద," అన్నది.

"ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించు," అన్నాను.

"అబద్ధం లేదు. అందుకే భయమైతాంది."

నేను ఆ మాటను మెచ్చుకోలుగా తీసుకొన్నాను. కవరు అంటించి, మరునాడే బడి ఆఫీసులో ఇచ్చి, రసీదు కూడా తీసుకొన్నాను.

బతుకమ్మ సెలవులు వచ్చాయి, పోయాయి. బడి తెరిచిన రోజు మనవరాలు ఇంటికి వచ్చి, సంచీ దించకుండా గుమ్మంలోనే నిలబడింది. "తాతా, మా టీచర్‌ను తీసేసిన్రు," అన్నది. ఎందుకని అడిగాను. "నీ లెటర్ చదివిన్రంట, మీటింగ్‌ల, అందరు టీచర్ల ముందట." తల ఎత్తి నన్ను చూసింది. "బస్సుల దిద్దుతదని నేను మంచికి చెప్పిన తాతా." ఏడ్వలేదు. ఏడ్చి ఉంటే నేను దగ్గరికి తీసుకొని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. లోపలికి పోయి ముఖం కడుక్కొని, నానమ్మ దగ్గర కూర్చొని అటుకులు తిన్నది. ఆ రోజు నుండి అన్నం దగ్గర బడి ముచ్చట్లు మానేసింది. పిల్ల ఇష్టంతో చెప్పిన మాటలను ఏరి, వాటి స్థానాలు మార్చి, ఒక మనిషి మీద అభియోగంగా కట్టిన పెద్దవాడిని నేను. అందులో ఒక్క మాట కూడా నేను కల్పించలేదు. ఆ సమర్థింపును ఎన్నిసార్లు చెప్పుకొన్నా, మూడోసారికి నోటికి చేదు తగులుతున్నది.

మరునాడు కరస్పాండెంటు దగ్గరికి పోయాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడి, కుర్చీ తానే జరిపి వేశాడు. "రాండ్రి సార్, రాండ్రి. ఏం రాసిన్రు సార్ లెటర్! మా స్టాఫ్‌కు జర నేర్పరాదుండ్రి, లెటర్ ఎట్ల రాయాల్నో. మేము ఆర్నెల్లు కూసున్నా గంత సాఫ్‌గ పెట్టలేకపోదుము. ముందట బస్సు, మళ్ల అమ్మ, మళ్ల లేటు, ఒకదాని ఎంట ఒకటి. లాస్ట్‌కు ఆమెనే ఒప్పుకున్నదని పెట్టిన్రు చూడు, ఆడ ఇగ ఎవ్వరికీ మాట్లాడ రాలేదు." నా జీవితంలో నా రాతకు అంతటి ప్రశంస ఎన్నడూ దొరకలేదు. ఉద్యోగంలో ఏ అధికారీ అంత శ్రద్ధగా నా నోటు చదివినట్టు గుర్తులేదు. చెవులు కాలిపోతుండగా తల దించుకొని విన్నాను. ఆ టీచరు తప్పేమీ లేదని, కీ మీ ఆఫీసునుంచే వచ్చిందని, ఆ సంగతి రెండో పేజీలో రాశానని అన్నాను.

"రెండో పేజీ గూడ ఉన్నదా సార్?" అని ఆయన నవ్వుతూ ఫైలు తెరిచి తిప్పి చూశాడు. "అరె, ఉన్నది. నల్లాల గురించి రాసిన్రు గద, రిపేరు చేయించినం."

ఆమెను తిరిగి తీసుకోమని అడిగాను. బ్రతిమాలాననే చెప్పాలి. ఆయన ముఖంలో నవ్వు తగ్గలేదు గాని, కుర్చీలో వెనక్కి ఒరిగాడు. "మీరే రాసిస్తిరి, మళ్ల మీరే వద్దంటె ఎట్ల సార్? ఆ క్లాసుకు వేరే మేడం వచ్చింది. మీకు అంత మనసున్నదంటే ఇంకో లెటర్ రాయుండ్రి, ఫైల్‌ల పెడ్త." ఫైలులో పెట్టడమంటే ఏమిటో నాకు ఆయన చెప్పవలసిన అవసరం లేదు. నేను ఎన్ని కాగితాలను అలా పెట్టానో నాకే తెలియదు.

అయినా రాశాను. అదే నా రోగం. ఈసారి కీ సంగతి మొట్టమొదటి వాక్యంగా పెట్టాను. తల్లికి వైద్యం చేయిస్తూ కూడా బడి మానలేదన్నది రెండోది. ప్రయాణంలో సైతం పిల్లల పత్రాలు దిద్ది తెల్లవారే ఇచ్చేవారన్నది మూడోది. చిత్రమేమిటంటే, నాకు కొత్త సంగతులేవీ అవసరం కాలేదు. పాత వాక్యాలే, స్థలాలు మారేసరికి, ఆమెను ఆదర్శ ఉపాధ్యాయురాలిని చేశాయి. ఆ లేఖను ముందు ఆమెకు చూపించి, అనుమతి తీసుకొని, ఆపైన కావలసిన చోటికల్లా పంపాలని పరకాల బస్సెక్కాను. చిరునామా బడిలోని ఆయా చెప్పింది.

ఊరి చివర రెండు గదుల ఇల్లు. ఆమె వాకిట్లో బట్టలు ఆరవేస్తున్నది. నన్ను చూసి, చేతిలోని చీరను తీగ మీద వేసి, కొంగుతో చేతులు తుడుచుకొని, "రాండ్రి సార్," అన్నది. ఆ గొంతులో ఆశ్చర్యం ఉన్నది గాని, నేను దారి పొడుగునా ఎదురుచూస్తూ వచ్చిన కోపం లేదు. లోపల మంచం మీద ఆమె తల్లి కూర్చొని ఉన్నది. ముఖం ఉబ్బి, కాళ్ళు వాచి, చూపు మాత్రం చురుకుగా ఉన్నది. "ఎవరు బిడ్డా?" అని అడిగింది.

"నా స్టూడెంట్ వాళ్ల తాత, అమ్మా," అన్నది ఆమె. అంతకు మించి చెప్పలేదు.

తల్లి ముఖం విప్పారింది. "మా పిల్ల ఎప్పుడు చెప్పే ఆ తెలివిగల్ల పిల్ల తాతనా? కూసో అన్నా, కూసో. ఇంత దూరం వస్తిరి. చాయ్ పెట్టు బిడ్డా." ఆమె వంటగదిలోకి పోగానే తల్లి నా వైపు వంగి గొంతు తగ్గించింది. "స్కూల్ల పిల్లలు తక్కువైన్రట గద అన్నా, గందుకే మా బిడ్డను బంద్ చేసిన్రట. మీరు పెద్దమనిషి, నలుగురు తెలిసినోళ్లుంటరు. యాడన్న ఒక స్కూల్ల జర చెప్పరాదు? మా బిడ్డ మంచిగ చెప్తది." నేను తల ఊపాను. ఊపిన తలకు అర్థం ఏమిటో నాకే తెలియదు. చాయ్ వచ్చింది, తాగాను.

సాగనంపడానికి ఆమె వాకిలి దాకా వచ్చింది. అక్కడ, తల్లికి వినిపించని దూరంలో, కవరు తీసి ఇచ్చాను. ఆరవేసిన బట్టల పక్కన నిలబడి ఆమె తీరికగా చదివింది. రెండు పేజీలూ చదివింది. మడత చెదరకుండా తిరిగి కవరులో పెట్టింది.

"మంచిగున్నది సార్. అన్నీ అవే మాటలు గద."

"అవే. వరుస తప్పింది. దిద్దాను," అన్నాను.

"అదే సార్ నేననేది. ముందటి దాన్ని చదివి నన్ను పనికిరాదన్నరు. దీన్ని చదివి మంచిదాన్నంటరు. రెండిట్ల నేను లేను." కవరు నా చేతిలో పెట్టింది. గట్టిగా పెట్టలేదు, ఇంటి పనికి తొందర పడుతున్న మనిషి పెట్టినట్టు పెట్టింది. "మీరు పెద్దోళ్లు, ఇంత దూరం వచ్చిన్రు. నాకు ఇంకేం వద్దు సార్. నా గురించి ఇంక ఏం రాయకుండ్రి. దండం పెడ్త."

నిజంగానే రెండు చేతులూ జోడించింది. తిడితే వినడానికి సిద్ధపడి పోయినవాడిని. ఆ దండానికి సిద్ధపడలేదు.

ఆమెకు నేను తెలిసినవారితో చెప్పించిన ఉద్యోగమేదీ కుదరలేదు. ఎవరికి చెప్పినా, ముందున్న బడిలో ఎందుకు తీసేశారని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడిని నేనే కావడం వల్ల సంభాషణ అక్కడ ఆగిపోయేది. తన తిప్పలు తానే పడి, వర్ధన్నపేటలో ఒక చిన్న బడిలో చేరిందని ఆయా చెప్పింది. పరకాల ఒక దిక్కు, వర్ధన్నపేట మరో దిక్కు. నడుమ వరంగల్‌లో దిగి బస్సు మారాలి. ఆమె ఇప్పుడు మునుపటి కంటే గంట ముందే ఇల్లు కదలవలసి వస్తున్నదట. తల్లికి మందులిచ్చి, ఒళ్లు తుడిచి, నాలుగు ముద్దలు తినిపించే గంట అది. గడిచిపోయిన వాటన్నిటినీ కాలం తీసుకుపోయిందని అనుకొంటూ ఈ వయసుకు వచ్చాను. ఆ గంటను తీసుకుపోయింది కాలం కాదు.